మోత లేని ఇండోర్ ప్లే సెంటర్ తిరుపతిలో ఉందా?

మా పాపకి మూడేళ్లు. ఇక్కడ ఒక ఇండోర్ ప్లే ఏరియాకి తీసుకెళ్తే సాక్సు వేసేదాకా హుషారే. గాలితో ఉబ్బే జారుడుబల్ల దగ్గరికి రాగానే రెండు చెవులూ మూసుకుని, నా చున్నీలో మొహం దాచుకుని ఏడుస్తుంది. ఆదివారం రద్దీ వల్లేమో అనుకుని వారం మధ్యలో, పొద్దున తెరవగానే వెళ్లాం. పిల్లలు లేరు కానీ జారుడుబల్లకి గాలి కొట్టే బ్లోయర్ మోత అదే. అడిగితే పాటలు తగ్గించారు. బ్లోయర్ ఆపలేమన్నారు, నిజమే, ఆపితే జారుడుబల్ల కూలబడుతుంది. చెవులకి మఫ్లర్ కడితే పీకేసింది. డాక్టరు చూసి వినికిడి బాగుందన్నారు. అలిపిరి సైన్స్ సెంటర్లో, జూలో ఈ భయం అస్సలు లేదు, కానీ ఈ ఎండల్లో రోజూ బయట తిప్పలేం.

గాలి బొమ్మలు లేకుండా బ్లాకులు, పజిళ్లు, ఇసుక ఆటలతో నిదానంగా ఉండే సెంటర్, మీ పిల్లల్ని తీసుకెళ్లి చూసినది, తిరుపతిలో ఏదైనా ఉందా?