ఎడారి బంతి మొదళ్లు నల్లబడుతున్నాయి, ఏం వేయాలి?

ప్రశ్న:
మేం అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ దగ్గర చాండ్లర్‌లో ఉంటాం. మార్చిలో నర్సరీ నుంచి డెసర్ట్ మేరీగోల్డ్ మొక్కలు తెచ్చి పెరట్లో పెట్టాం. విరగబూశాయి. మే వచ్చేసరికి అడుగు ఆకులు నల్లబడి మెత్తగా అయిపోతున్నాయి. ఎండ దెబ్బేమోనని రోజూ రెండు పూటలా నీళ్లు పోస్తున్నాం, కంపోస్ట్ కూడా వేశాం. చాలా టెన్షన్‌గా ఉంది. ఇంకేం వేయాలో చెప్పండి.

జవాబు 1:
ఏమీ వేయకండి. ముందు నీళ్లు ఆపండి, మొదట్లో ఉన్న కంపోస్ట్ తీసేయండి. అది ఎండ దెబ్బ కాదు, కుళ్లు. మన ఊళ్లో బంతికి చేసే సేవ దీనికి పనికిరాదు. సొనోరన్, మొహావీ, చివావా ఎడారుల్లో ఇసుక, గులకరాళ్ల నేలల్లో, వాన పడితే తప్ప పారని వాగుల పక్కన, రోడ్డు అంచుల్లో పెరిగే మొక్క ఇది. ఒక ఆకు తుంచి దగ్గరగా చూడండి, తెల్లటి నూగు ఉంటుంది. ఎండను తిప్పికొట్టేదీ, తేమ ఆవిరైపోకుండా కాపాడేదీ ఆ నూగే. ఆకులు తడవకుండా మొదటికి కాస్త దూరంగా పోయండి. వేసవిలో వాన లేకపోతే రెండు వారాలకోసారి లోతుగా తడిపితే సరిపోతుంది. డ్రిప్ మొదట్లోనే పడుతుంటే పక్కకి జరపండి.

ఇంకో సంగతి. పక్కన అడుగు లోతు గుంట తీసి నీళ్లు నింపి చూడండి. మర్నాటికీ ఇంకకపోతే కింద కాలిచే ఉండొచ్చు. అది సున్నం గడ్డకట్టిన పొర, ఫీనిక్స్ చుట్టుపక్కల మామూలే. అలాంటి చోట నీళ్లు తగ్గించినా వేళ్లు బతకవు. గులకరాళ్లు కలిపిన మట్టితో ఎత్తుగా మడి కట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. ఇవి పోతే కొండల దగ్గర బోలెడున్నాయి కదా, రెండు తవ్వి తెచ్చుకోవచ్చా? దసరాకి దండలకీ వస్తాయని ఆశ.

జవాబు 2:
దయచేసి తవ్వకండి. అరిజోనాలో స్థానిక మొక్కలకు చట్టం ఉంది, ప్రభుత్వ భూముల్లో పర్మిట్ లేకుండా తవ్వడం నేరం. అవసరమూ లేదు. ఎండిన పూలు కోసేయకండి. రేకులు కాగితంలా తెల్లబడి కాడకే ఉంటాయి, గింజలు వాటంతటవే రాలతాయి. అక్టోబరు, నవంబరుల్లో నేల పైపైన గీరి గింజలు చల్లి చేత్తో అదమండి, లోతుగా పూడ్చొద్దు. చలికాలం వానలకి మొలుస్తాయి. మొక్క ఎన్నో ఏళ్లు బతకదు కాబట్టి ఈ రాలుమొలకలే మీకు ఆస్తి. దండలకి మాత్రం మన ముద్దబంతే వేసుకోండి, ఇది పల్చటి పువ్వు, గుచ్చితే నలిగిపోతుంది.

జవాబు 3:
మేకలు, గొర్రెలు పెంచేవాళ్లు వాటిని ఈ మొక్కల దగ్గరికి పోనివ్వకండి, మేస్తే విషం. పువ్వులో రేకుల్ని దారంతో చుట్టేసుకుని గొంగళిపురుగు కనబడితే మందు కొట్టకండి. ఈ మొక్క మీదే బతికే చిన్న రెక్కల పురుగు పిల్ల అది. నాలుగు పూలు తింటుంది, మొక్క చావదు.