గాలిపటానికి పాత ఫోన్ కట్టి ఊరి చెరువు ఫొటో తీయాలి, సలహా చెప్పండి

చెరువుగట్టు:
అందరికీ నమస్కారం. నేను ప్రకాశం జిల్లాలో ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. మా ఊరి చెరువును గుర్రపుడెక్క సగానికి పైగా కమ్మేసింది. ఎంతవరకు అల్లుకుందో తొమ్మిదో తరగతి పిల్లలతో మ్యాప్ గీయించాలని ఉంది. గట్టు మీద నుంచి తీస్తే ముందున్న ఆకు తప్ప ఏమీ కనపడదు. డ్రోన్ కొనే స్తోమత లేదు. పాత ఫోన్ ఒకటి ఉంది, కవర్ తీస్తే 160 గ్రాములు. దీన్ని మోసే గాలిపటం ఎలా ఉండాలి? ఫోన్ ఎలా వేలాడదీయాలి? అది పైన ఉన్నప్పుడు బటన్ ఎవరు నొక్కుతారు?

వాడరేవు గాలి:
మాస్టారూ, ఫోన్ సంగతి చివర్లో చూద్దాం. గాలిపటం అరగంట సేపు ఒకేచోట నిలబడితే ఫొటో వచ్చినట్టే. నేను కరెంటు లైన్ల మీద పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు చీరాల దగ్గర వాడరేవులో సాయంత్రాలు నా వ్యాపకం ఇదే.

సంక్రాంతి పతంగి పేంచ్ కోసం, అంటే ఎదుటివాడి దారం కోసే పోటీ కోసం తయారైంది, చెయ్యి ఆడిస్తే గిర్రున తిరగాలి. మీకు తిరగనిది కావాలి. జపాన్ వాళ్ల రొక్కాకు కట్టండి. ఆరు మూలలు, నిలువు బద్ద ఒకటి, అడ్డ బద్దలు రెండు. నిలువు 6 అడుగులు, అడ్డం 5 అడుగులు ఉంటే మీ ఫోన్‌ను సునాయాసంగా మోస్తుంది. గొడుగు గుడ్డ కొని టైలర్ చేత అంచులు మడిచి కుట్టించండి, బద్దలకు వెదురు చాలు. అడ్డ బద్దలకు వెనకవైపు దారం కట్టి విల్లులా వంచాలి. ఆ వంపు వల్లే గాలిపటం పక్కకు ఒరిగినా మళ్లీ తనంతట తనే సర్దుకుంటుంది. గాలి ఎక్కువైతే వంపు కూడా పెంచండి.

మాంజా ముట్టుకోవద్దు. 90 కిలోల లాగుడుకు ఆగే అల్లిన పాలిస్టర్ తాడు తీసుకోండి, చేతులకు తోలు గ్లవ్స్ వేసుకోండి. గాలి వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలవుతుంది. ఆకులు, చిన్న కొమ్మలు ఆగకుండా కదులుతూ జెండా విచ్చుకుంటుంటే అది మంచి గాలి. దుమ్ము లేస్తుంటే ఆ రోజుకు మానేయండి. మాకు మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి నిలకడగా వీస్తుంది. మీ దగ్గర ఎండ ముదిరేకొద్దీ నేల వేడెక్కి గాలి ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య చూడండి. అప్పుడైతే ఎండ ఏటవాలుగా పడి, నీటి మీద మెరుపు నేరుగా కెమెరాలోకి కొట్టదు.

మొదట గాలిపటాన్ని ఒక్కదాన్నే 30 మీటర్లు వదిలి పది నిమిషాలు గమనించండి. కుదురుగా ఉందనిపించాకే తాడుకు ఫోన్ తగిలించండి. గాలిపటం ఊగినా అంత కింద ఉన్న ఫోన్‌కు ఆ కుదుపు బాగా తగ్గుతుంది. తగిలించే పద్ధతి 1912లో పికావే అనే ఫ్రెంచ్ ఆయన చెప్పినదే. జానెడు పుల్లలు రెండు కూడిక గుర్తులా కట్టి, నాలుగు కొసలకూ చిన్న రింగులు పెట్టండి. తాడు మీద రెండు మూరల ఎడంలో రెండు కొక్కేలు ఉండాలి. ఒకే దారం పై కొక్కెం నుంచి ఒక రింగులోకి, అక్కడి నుంచి కింది కొక్కేనికి, మళ్లీ ఇంకో రింగులోకి, ఇలా నాలుగు రింగులూ తిరిగి మొదటికి వచ్చి ముడిపడాలి. తాడు వాలు మారినప్పుడల్లా దారం రింగుల్లో జారుతుంది, ఆ పుల్లల కింద బిగించిన ఫోన్ మాత్రం నేలకు సమంగా ఉంటుంది. ఒంటి దారానికి కడితే లోలకమే, అన్నీ మసక ఫొటోలే వస్తాయి.

ఇక బటన్. మూడు సెకన్లకొక ఫొటో తీసే యాప్ వేసుకోండి. ఫోకస్ దూరానికి లాక్ చేసి, షట్టర్ సెకనులో వెయ్యో వంతు పెట్టండి. వరసగా తీసే పాత డిజిటల్ కెమెరా ఉంటే బటన్ మీద పెన్సిల్ రబ్బరు ముక్క పెట్టి రబ్బరు బ్యాండు బిగిస్తే చాలు. 1888లో ఫ్రాన్స్‌లోని లాబ్రుగ్యేర్‌లో ఆర్థర్ బాట్యూ గాలిపటానికి కెమెరా కట్టి, నెమ్మదిగా కాలే వత్తి ముట్టించి వదిలేవాడు. వత్తి కాలి దారం తెగితే షట్టర్ పడేది, కాగితం పట్టీ ఒకటి ఊడిపడి ఫొటో అయిందని తెలిపేది. ఒక్క ఫొటో కోసం అంత శ్రమ పడ్డాడు! భూకంపం తర్వాత 1906లో శాన్‌ఫ్రాన్సిస్కోను తీసిన జార్జ్ లారెన్స్ కెమెరా 22 కిలోల పైమాటే. దాన్ని వరసగా కట్టిన గాలిపటాలు మోశాయి.

నా ఉద్యోగం నేర్పినది ఒకటి చెబుతాను, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. చెరువు మోటార్లకు వెళ్లే 11 కేవీ తీగ ఎక్కడుందో ముందే చూసుకోండి. తాడు మొత్తం పొడవుకన్నా దూరంగా నిలబడండి. తడిసిన తాడులో కరెంటు పారుతుంది. ఎప్పుడైనా తీగకు చిక్కుకుంటే వదిలేయండి. లాగొద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. ఫోన్ పోతే పోనీ.

గోల్కొండ పతంగ్:
సార్, అనుమతి సంగతి కూడా చూసుకోండి. మన దేశంలో 1934 విమాన చట్టం నుంచే గాలిపటం కూడా విమానాల లెక్కలోకే వస్తుంది. పైనుంచి ఫొటోలు తీయడానికి కూడా నిబంధనలున్నాయి. పంచాయతీకి, పోలీస్ స్టేషన్‌కి ముందే స్కూల్ లెటర్‌హెడ్ మీద రాసిచ్చి వాళ్లు సరేనన్నాకే ఎగరేయండి. విమానాశ్రయాలు, రక్షణ శాఖ స్థలాల దగ్గరైతే అసలు వద్దు. నైలాన్ మాంజాను 2017లోనే గ్రీన్ ట్రిబ్యునల్ నిషేధించింది, అది పిల్లల చేతుల్లో ఉన్నా తీసేయించండి.

వాడరేవు గాలి:
నిజం తమ్ముడూ. మాకు దగ్గర్లోని సూర్యలంకలో వైమానిక దళ స్టేషన్ ఉంది, అందుకే నేను అటువైపు గాలిపటం పట్టుకెళ్లను.

చెరువుగట్టు:
ఇంత వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ ధన్యవాదాలు. ఎంత ఎత్తులో ఉందో ఎలా తెలుస్తుంది? ఒక ఫొటోలో ఎంత నేల పడుతుంది?

వాడరేవు గాలి:
అది మీ పిల్లల చేతే చేయించండి మాస్టారూ, లెక్కల క్లాసు కూడా అయిపోతుంది. కోణమానినికి దారంతో రాయి వేలాడదీసి తాడు వాలు కొలవాలి. తాడు మీద ప్రతి 10 మీటర్లకు రంగు గుర్తు పెట్టుకోండి. ఫోన్ వరకు తాడు 100 మీటర్లుండి వాలు 45 డిగ్రీలైతే ఫోన్ ఎత్తు సుమారు 70 మీటర్లు. తాడు కొంచెం కిందికి వంగుతుంది కాబట్టి అసలు ఎత్తు కాస్త తక్కువే ఉంటుంది. ఆ ఎత్తులో మామూలు ఫోన్ కెమెరా నేరుగా కిందికి చూస్తే సుమారు 90 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు నేల పడుతుంది. చెరువు అంతకన్నా పెద్దదే అయ్యుంటుంది కాబట్టి గట్టు వెంట నెమ్మదిగా నడుస్తూ, ఒక ఫొటోలోది సగమైనా పక్క ఫొటోలోకి వచ్చేలా తీసి తర్వాత అతికించుకోండి. ముందురోజే గట్టు మీద నాలుగైదు చోట్ల సున్నంతో పెద్ద అడ్డగీతలు వేయించి, వాటి మధ్య దూరాలు టేపుతో కొలిపించండి. ఫొటోలో ఆ గుర్తులు కనపడితే గుర్రపుడెక్క ఎన్ని చదరపు మీటర్లు ఆక్రమించిందో పిల్లలే లెక్క తేలుస్తారు.