టెక్నాలజీ పాలసీ సెంటర్లలో రీసెర్చ్ పోస్టులు, స్టూడెంట్ జాబ్స్ – కంప్యూటర్స్ ఎమ్మెస్ చేసేవాళ్లని తీసుకుంటారా?

కృష్ణలంక_కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, ఇక్కడ యూఎస్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్ చేస్తున్నా, మూడో సెమ్ నడుస్తోంది, వచ్చే మే నెలలో అయిపోతుంది. రూమ్మేట్స్ అందరూ పొద్దున లేస్తే లీట్‌కోడ్ సైట్‌లో ఇంటర్వ్యూ కోడింగ్ ప్రాక్టీసే, నేనూ చేస్తున్నా గానీ పోయిన సెమ్‌లో ప్రైవసీ మీద ఒక ఎలెక్టివ్ తీసుకున్నప్పటి నుంచి మనసంతా అటే ఉంది. ఆ క్లాసులో ప్రిన్స్‌టన్ వాళ్ల పేపర్ ఒకటి చదివించారు, 2019లోది, దాదాపు 11 వేల షాపింగ్ సైట్లని ప్రోగ్రామ్‌తో జల్లెడ పట్టి, కొనేవాళ్లని మభ్యపెట్టే డిజైన్లు 1,818 చోట్ల ఉన్నాయని తేల్చారు. ఆఫర్ అయిపోతోందని ఒక గడియారం తిరుగుతుంటుంది చూడండి, కొన్ని సైట్లలో అది సున్నాకి వచ్చాక కూడా ఆఫర్ అలాగే ఉంటుందంట, ఇప్పుడు ఇంతమంది ఈ ఐటెం చూస్తున్నారు అని వేసే నంబర్ కొన్నిచోట్ల కోడ్‌లో ర్యాండమ్‌గా పుట్టించిందే అంట. మా అమ్మ ఫోన్‌లో చీర చూస్తూ అలాంటి గడియారం చూసే కంగారు పడిపోయి అర్ధరాత్రి నాకు కాల్ చేసి, ఒరేయ్ నాలుగు నిమిషాలే ఉందిరా తీసుకోమంటావా అని అడిగింది, ఆ పేపర్ చదివాక నాకు ఆ కాలే గుర్తొచ్చింది.

అప్పటి నుంచి ఆ పేపర్ వచ్చిన ప్రిన్స్‌టన్ సెంటర్ గురించి చదువుతున్నా, సెంటర్ ఫర్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ పాలసీ, షార్ట్‌గా సీఐటీపీ అంటారు, ఇంజినీరింగ్ స్కూలు, పబ్లిక్ పాలసీ స్కూలు రెండూ కలిసి నడిపేది. పోస్ట్‌డాక్, విజిటింగ్ ఫెలో, ఎమర్జింగ్ స్కాలర్ అని రకరకాల పేర్లతో పోస్టులు ఉన్నాయి, ఏది ఎవరికో నాకు అర్థం కావట్లేదు. నాకు లా తెలీదు, పేపర్లు లేవు, ఇండియాలో రెండేళ్లు టెస్టింగ్ జాబ్ చేశా అంతే. నాలాంటివాడు అప్లై చేయొచ్చా, వీసా సంగతి ఏంటి, ఇంట్లో లోన్ ఉంది కాబట్టి జీతం గురించి కూడా కాస్త ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్.

---

జెర్సీ_అక్క:

తమ్ముడూ, నేను వేరే యూనివర్సిటీలో ఇలాంటి సెంటర్‌లోనే రెండేళ్లు రీసెర్చ్ స్టాఫ్‌గా చేసి ఇప్పుడు పీహెచ్‌డీలో ఉన్నా, నాదీ మొదట కంప్యూటర్సే, కాబట్టి నాకు తెలిసింది చెప్తా.

ముందు ఆ పేర్ల సంగతి. పోస్ట్‌డాక్ పీహెచ్‌డీ అయినవాళ్లకి, దాన్ని వదిలెయ్. విజిటింగ్ ఫెలో అంటే ఎక్కువగా ప్రొఫెసర్లు, లాయర్లు, ప్రభుత్వంలోనో కంపెనీలోనో ఏళ్ల తరబడి పనిచేసి ఒక ఏడాది వచ్చి కూర్చుని రాసుకునేవాళ్లు, అదీ నీకు కాదు. ఎమర్జింగ్ స్కాలర్ అన్నావే, నువ్వు చూడాల్సింది అదే, డిగ్రీ అయిపోయి పీహెచ్‌డీకి వెళ్లాలా వద్దా అని ఇంకా తేల్చుకోనివాళ్లని రెండేళ్లు స్టాఫ్‌గా పెట్టుకుని, ఒక పక్క రీసెర్చ్ చేయిస్తూ ఇంకో పక్క క్లాసులు కూడా వినిపిస్తారు. బ్యాచిలర్స్ చేస్తున్న పిల్లలకైతే సమ్మర్ ఫెలోషిప్ ఇంకోటి ఉంది, ప్రభుత్వ ఆఫీసుల్లో, కన్స్యూమర్ ప్రొటెక్షన్ చూసే ఏజెన్సీల్లో పెడతారు, అది నీకు వర్తించదు గానీ ఈ థ్రెడ్ చదివే చిన్నవాళ్లు ఎవరైనా ఉంటే చూసుకోండి, అప్లై చేసేముందు సిటిజన్‌షిప్ గురించి ఏం రాశారో ఆ లైన్ చదవండి.

నాకు లా తెలీదు అన్నావు, అసలు ఆ సెంటర్ మొదలైందే కంప్యూటర్ వాళ్లతో. 2005లో పెట్టినప్పుడు డైరెక్టర్ ఎడ్ ఫెల్టన్, ఆయన కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్, తర్వాత 2011లో అమెరికాలో కన్స్యూమర్ ప్రొటెక్షన్ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి మొట్టమొదటి చీఫ్ టెక్నాలజిస్ట్‌గా వెళ్లారు, ఆ తర్వాత వైట్‌హౌస్‌లో డిప్యూటీ చీఫ్ టెక్నాలజీ ఆఫీసర్‌గా కూడా చేశారు. 2006లో ఆయనా ఇద్దరు స్టూడెంట్లూ కలిసి డీబోల్డ్ అనే కంపెనీ ఓటింగ్ మెషీన్ విప్పి చూశారు, ఒక్క నిమిషం మెషీన్ చేతికి దొరికితే చాలు ఓట్లు మార్చే ప్రోగ్రామ్ ఎక్కించొచ్చని, అది మెమొరీ కార్డుల ద్వారా ఒక మెషీన్ నుంచి ఇంకోదానికి పాకుతుందని చూపించారు, ఆ మెషీన్ తలుపు తాళం హోటల్ మినీబార్‌లకి వాడే రకంది! తర్వాత డైరెక్టర్ అయినవాళ్లలో అరవింద్ నారాయణన్ ఐఐటీ మద్రాస్‌లో చదివినాయన, ఆయనా కంప్యూటర్సే. కాబట్టి నువ్వు పరాయివాడివేం కాదు. కాకపోతే కోడ్ రాసి ఊరుకుంటే సరిపోదు, ఆ కోడ్‌తో తేలింది ఏంటో కంప్యూటర్ తెలియని జడ్జికో ఆఫీసర్‌కో అర్థమయ్యేలా రెండు పేజీల్లో రాయగలగాలి, సెలెక్షన్‌లో చూసేది అదే, నేనూ మా సెంటర్‌లో అప్లికేషన్లు చదివా కాబట్టి ధైర్యంగా చెప్తున్నా.

పని ఎలా ఉంటుందో కూడా చెప్తా ఎందుకంటే చాలామంది పాలసీ అంటే మీటింగులు అనుకుంటారు. నేను చేరిన మొదటి మూడు నెలలూ చేసింది స్క్రీన్‌షాట్లకి లేబుల్స్ పెట్టడం. మా క్రాలర్ అనే ప్రోగ్రామ్ రాత్రంతా సైట్లు తిరిగి పేమెంట్ పేజీల ఫొటోలు తెచ్చి పెట్టేది, పొద్దున్నే నేనూ ఇంకో అమ్మాయీ విడివిడిగా కూర్చుని ఒక్కో ఫొటో చూసి, ఇది మోసమా, ఒత్తిడా, మామూలు ప్రకటనా అని, ఏది ఏ రకమో నిర్వచనాలు రాసుకున్న కోడ్‌బుక్ పక్కన పెట్టుకుని మార్క్ చేసేవాళ్లం. సాయంత్రం ఇద్దరి షీట్లూ పక్కపక్కన పెడితే ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ గొడవ మొదలు. ఒకసారి "వద్దు, నాకు డబ్బు ఆదా చేసుకోవడం ఇష్టం లేదు" అని రాసున్న బటన్ మీద గంటన్నర వాదించుకున్నాం, ఆ అమ్మాయి అది మర్యాద తక్కువ అంతేగా అంటుంది, నేను కాదు సిగ్గుపడేలా చేసి కొనిపించడం అంటాను. చివరికి కోడ్‌బుక్‌లో ఆ నిర్వచనమే తిరగరాసి, అప్పటిదాకా చేసిన ఫొటోలన్నీ మళ్లీ మొదటి నుంచి చూశాం. విసుగు పుట్టించే పనే, కానీ రేపు ఒక కంపెనీ లాయర్ లేచి ఇది మీ అభిప్రాయం అంటే నిలబడేది ఆ షీట్లే.

జీతం మాత్రం తక్కువ తమ్ముడూ, మీ రూమ్మేట్స్‌కి వచ్చే ఆఫర్‌లో సగం అనుకుని లెక్క వేసుకో. లోన్ ఉందన్నావు కాబట్టి ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడు.

---

డాలస్_నుంచి:

వీసా ముక్క నేను చెప్తా బ్రో. నీ సొంత యూనివర్సిటీలోనైతే సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటల దాకా ఆన్‌క్యాంపస్ జాబ్ చేసుకోవచ్చు, సెలవుల్లో ఫుల్‌టైమ్ చేసుకోవచ్చు. వేరే యూనివర్సిటీ సెంటర్‌లో చేయాలంటే అది ఆన్‌క్యాంపస్ కిందకి రాదు, సీపీటీనో (చదువులో భాగంగా చేసే పనికిచ్చే పర్మిషన్) ఓపీటీనో (ఎక్కువగా చదువయ్యాక చేసే పనికిచ్చే పర్మిషన్) కావాలి. చాలామంది యూనివర్సిటీయే కదా అని పొరపాటు పడతారు, జాగ్రత్త.

ఓపీటీకి తేదీలు కాగితం మీద వేసుకో. ఈ సెంటర్లలో పోస్టులు ఎక్కువగా చలికాలంలో అప్లికేషన్లు తీసుకుని సెప్టెంబర్ ప్రాంతంలో చేర్చుకుంటారు. నీది మే 15న అయిపోతుంది అనుకుందాం, ఓపీటీ మొదలయ్యే తేదీ 60 రోజుల లోపు పెట్టుకోవాలి అంటే జులై 14 దాకా జరుపుకోవచ్చు, అక్కడి నుంచి 90 రోజులు ఖాళీగా ఉండొచ్చు అంటే అక్టోబర్ రెండో వారం దాకా. సో సెప్టెంబర్‌లో చేరినా సరిపోతుంది, కానీ తొందరపడి ఓపీటీ మే నెలలోనే మొదలుపెట్టావంటే ఆగస్టుకే ఆ 90 రోజులు అయిపోతాయి! మా ఫ్రెండ్ ఒకడు అచ్చం ఇలాగే చేశాడు, చేతిలో ఆఫర్ లెటర్ పెట్టుకుని ఇండియా వెళ్లిపోవాల్సొచ్చింది. తర్వాత సైన్స్, ఇంజినీరింగ్ లాంటి డిగ్రీలవాళ్లకి ఓపీటీని 24 నెలలు పొడిగించే స్టెమ్ ఎక్స్‌టెన్షన్‌కి ఆ యూనివర్సిటీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల వర్క్ పర్మిషన్ చెక్ చేసే ప్రభుత్వ సిస్టమ్) ఉందో లేదో ఇంటర్వ్యూలోనే అడుగు, ట్రైనింగ్ ప్లాన్ రాసే ఐ-983 ఫారమ్‌లో నీ పని నీ డిగ్రీకి ఎలా సంబంధమో రాయాలి, అందుకే క్రాలర్, డేటా లాంటి మాటలు జాబ్ డిస్క్రిప్షన్‌లో ఉండేలా చూసుకో.

హెచ్1బీ విషయంలో యూనివర్సిటీలకి లాటరీ లేదు, ఇది పెద్ద ప్లస్. అయితే 2025 సెప్టెంబర్‌లో లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చింది, అది యూనివర్సిటీలకి కూడా పెట్టారు, అది ముఖ్యంగా దేశం బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త పిటిషన్లకి, కాబట్టి స్టేటస్ మారే టైంలో ఇండియా ట్రిప్ పెట్టుకోకు, ఏది చేసినా ముందు మీ ఇంటర్నేషనల్ ఆఫీస్‌లో అడిగే చెయ్.

---

హన్మకొండ_వాసి:

తమ్మీ, నేను లా చదివిన, ఢిల్లీల పాలసీ పనే చేస్తున్న. ప్రిన్స్‌టన్ మంచిదే, కాని అదొక్కటే పట్టుకొని కూసోకు. మన దగ్గర గూడ ఈ పని మస్తు ఉన్నది, చేసేటోళ్లే తక్కువ. ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీల 2013 నుంచి సెంటర్ ఫర్ కమ్యూనికేషన్ గవర్నెన్స్ ఉన్నది, బెంగళూరుల సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఉన్నది, అది యూనివర్సిటీ కాదుగాని పని గిదే. కోడ్ తెలిసినోడు వస్తే ఇక్కడ కండ్లకద్దుకుంటరు, ఎందుకంటే మేమంత లాయర్లమే.

నువ్వు చదివిన ఆ పేపర్ ముచ్చట ఇండియాల గూడ ఉన్నది, 2023 నవంబర్ 30న మన కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ గిసొంటి మభ్యపెట్టే డిజైన్లు 13 రకాలు లిస్ట్ చేసి బంద్ పెట్టుమని గైడ్‌లైన్స్ ఇచ్చింది. రూల్ వచ్చింది సరే, తెలుగుల ఉన్న యాప్‌లు ఆ రూల్ పాటిస్తున్నయా లేవా అని కూసోని చూసేటోడు ఎవడు? నువ్వు చూడు. అమ్మ ఫోన్ల చీర గడియారం నుంచే మొదలువెట్టు, యాబై యాప్‌లు తీస్కో, రెండు పేజీలు రాయి. అప్లికేషన్ల అదే నీ శాంపిల్ అయితది, లీట్‌కోడ్ స్కోర్ కన్న అదే ఎక్కువ పనిచేస్తది.

ఇంగొకటి. మన తెలంగాణల సమగ్ర వేదిక అని సాఫ్ట్‌వేర్ ఉన్నది, వేరే వేరే డిపార్ట్‌మెంట్ల డేటా కలిపి ఎవరికి కారున్నది, ఎవరికి ఇల్లున్నది అని లెక్క తీస్తది. 2014 నుంచి 2019 నడుమ 18 లక్షల పైన రేషన్ కార్డులు నోటీస్ లేకుండనే పోయినయి, పేరు కలిసిందని వేరేటోళ్ల కారు వీళ్లకు అంటగట్టిన కేసులు బయటికొచ్చినయి. 2022 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు మళ్ల ఇంటింటికి పోయి చెక్ చేయుమన్నది. మా వాడకట్టుల ఒక ముసలామె కార్డు గట్లనే పోయింది, డీలర్ షాపుల మిషన్ మీద ఏలు పెట్టిచ్చి పెట్టిచ్చి, నీ పేరు లేదమ్మా అని పంపిండు, ఎందుకు లేదో ఆయనకు గూడ తెల్వది. ఆమె ఆ ఖాళీ సంచి మడతవెట్టి సంకల వెట్టుకొని ఎల్లిపోయింది. గా సాఫ్ట్‌వేర్ ఏ పేరును ఏ పేరుతోని కలుపుతున్నదో చదివి చెప్పగలిగేటోడు మీ చదువు చదివినోడే, నాకైతే రాదు.

అక్క చెప్పిన ఓటింగ్ మెషీన్ కథ గూడ హైదరాబాద్ దాంక వచ్చింది. అప్పుడు ఫెల్టన్ సారుతోని పనిచేసిన స్టూడెంట్లల్ల ఒకాయన అలెక్స్ హాల్డర్‌మన్, మిషిగన్‌ల ప్రొఫెసర్ అయినంక 2010ల మన ఈవీఎం మీద పేపర్ రాసిండు, హైదరాబాద్ ఇంజినీర్ హరి ప్రసాద్ గారు, నెదర్లాండ్స్ ఆయన ఒకరు కలిసి రాసిండ్రు. మెషీన్ ఎక్కడిదో చెప్పుమని ఆ ఆగస్టులనే హరి ప్రసాద్ గారిని అరెస్ట్ చేసి ముంబై తీస్కపోయిండ్రు. పేపర్ రాసుడంటే ఏసీ రూముల పని మాత్రమే అనుకోకు అని చెప్తున్న.

---

కృష్ణలంక_కుర్రాడు:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. డాలస్ అన్నా, ఓపీటీ తేదీ నేను నిజంగానే మే 20 అనుకుంటున్నా, ఇప్పుడే మార్చి రాసుకున్నా. హన్మకొండ అన్నా, మీరు చెప్పిన యాభై యాప్‌ల పని ఈ థ్యాంక్స్‌గివింగ్ సెలవుల్లోనే మొదలుపెడతా, అమ్మనే ఫోన్ పట్టుకుని కూర్చోమంటా. అక్కా ఒక్క డౌట్, ముందే అక్కడ ప్రొఫెసర్లకి మెయిల్ పెట్టొచ్చా, లేక డైరెక్ట్‌గా అప్లికేషనే వెయ్యాలా?

---

జెర్సీ_అక్క:

పెట్టు, కానీ ఒకరికో ఇద్దరికో పెట్టు. నేను అప్పట్లో ఒకే మెయిల్ నలభై మందికి పేర్లు మార్చి పంపా, ఒక్కళ్లూ జవాబివ్వలేదు, తర్వాత ఒక పేపర్‌లో మూడో టేబుల్ నేను మళ్లీ రన్ చేస్తే ఒక లెక్క తేడా వస్తోంది, నేనెక్కడైనా తప్పు చేశానా అని అడుగుతూ ఆరు లైన్లు రాస్తే రెండో రోజే కాల్ మాట్లాడదామన్నారు. రెస్యూమే కూడా ఆ మెయిల్‌లో పెట్టలేదు. నీ దగ్గర ఆ యాప్‌ల షీట్ తయారయ్యాక అందులో నీకు తేలని ఒక్క స్క్రీన్ తీసుకుని, దీన్ని మీ కోడ్‌బుక్ ప్రకారం ఏ రకంలో వేస్తారు అని అడుగు. పంపేముందు కావాలంటే నాకు మెసేజ్ పెట్టు, చదివి పెడతా. ఇంకోటి, మీ యూనివర్సిటీ లా స్కూల్లోనో పబ్లిక్ పాలసీ డిపార్ట్‌మెంట్‌లోనో డేటా పని తెలిసిన స్టూడెంట్ కోసం చూసే ప్రొఫెసర్ కచ్చితంగా ఒకరుంటారు, వచ్చే సెమ్‌కి ఆ 20 గంటల జాబ్ అక్కడ అడుగు, రికమండేషన్ లెటర్ రాసేవాళ్లు నీకిప్పుడు కావాలి.