అప్‌డేట్: పాత సామాన్ల షాపులో కొన్న ఆ ఓడ పటం సంగతి తేలింది

పోయిన నెల అడిగాను కదా: న్యూజెర్సీలో కొన్న పటంలో రెండు తెరచాప స్తంభాల ఓడ బొమ్మ ఉంది, అది ఏ ఓడ, పటం పాతకాలపు అసలు అచ్చేనా అని. మీరన్నట్టే ఫ్రేమ్ విప్పాను. అంచు అట్ట కింద దాక్కున్న అక్షరాల్లో 'అమెరికా', 'డటన్' అని ఉన్నాయి. మొదటిది ఓడ పేరు, రెండోది 1850ల నాటి ఓడ బొమ్మల చిత్రకారుడి పేరు. గుండె ఝల్లుమంది! భూతద్దం పెడితే నీలి రంగు మొత్తం చిన్న చిన్న చుక్కలు. డటన్ కాలపు రాతి అచ్చులో (రాతి పలక మీద గీసి తీసే లిథోగ్రాఫ్) ఈ చుక్కల వరసలుండవు. అంటే తర్వాతెప్పుడో తీసిన నకలు. పోనీలెండి, ఇరవై డాలర్లే.

ఓడ కథే నన్ను పట్టేసింది. జార్జ్ స్టీర్స్ గీసిన నమూనా. 1851 ఆగస్టు 22న ఇంగ్లండ్ దగ్గరి వైట్ ద్వీపం చుట్టూ పందెంలో ఇంగ్లీషు పడవలన్నిటినీ ఓడించింది. బొమ్మలో వెనక్కి వాలిన స్తంభాలు, పలకలా బిగిసిన నూలు తెరచాపలు చూడండి. ఇంగ్లీషువాళ్ల అవిసెనార చాపలు గాలికి ఉబ్బి వేగం తగ్గించేవి. ఆ పందెంలో గెలిచిన కప్పుకే ఈ ఓడ పేరు మీద 'అమెరికాస్ కప్' అని పేరు. న్యూయార్క్ పడవ పందేల క్లబ్ (యాట్ క్లబ్) దాన్ని 1983 దాకా వదల్లేదు.

ఓడ మాత్రం అంతర్యుద్ధంలో ఫ్లోరిడా దగ్గర ముంచేస్తే పైకి తేలదీశారు. చివరికి 1942లో అనాపోలిస్‌లో మంచు బరువుకు షెడ్డు కప్పు కూలి దానిమీదే పడింది. ఇంత చేసినదానికి ఆ చావేంటండీ!

బొమ్మ హాల్లోనే తగిలించా.