సీరియల్స్‌లో మీకు బాగా నచ్చిన గే, లెస్బియన్, ట్రాన్స్ పాత్ర ఎవరు? నా ఓటు హేలీకి

బోల్టన్_అక్క

సినిమాల గురించి కాదండీ, వాటి మీద ఇప్పటికే బోలెడు వాదులాడుకున్నాం. నేను అడిగేది రోజూ వచ్చే సీరియల్స్ గురించి, ఏ దేశానివైనా, ఏ భాషవైనా సరే. రెండు గంటల్లో వచ్చి వెళ్లిపోయే పాత్ర వేరు, మనం కూరగాయలు తరుక్కుంటుంటే పక్కన పదేళ్లపాటు మాట్లాడుతూ ఉండే పాత్ర వేరు కదా.

నాకు కరొనేషన్ స్ట్రీట్ అనే బ్రిటిష్ సీరియల్‌లో హేలీ క్రాపర్. 2012లో ఉద్యోగానికి ఇంగ్లండ్‌లో బోల్టన్ వచ్చినప్పుడు ఒక పెద్దావిడ ఇంట్లో పైగది అద్దెకు తీసుకున్నాను. ఏ పని ఆగినా సరే, ఆవిడకి ఈ సీరియల్ మాత్రం ఆగకూడదు. నాకేమో ఆ మాంచెస్టర్ యాస సగం ఎక్కేది కాదు, ఆవిడే పక్కన కూర్చుని "వీడు ఆవిడ మొదటి మొగుడి కొడుకు, దానికి వీడంటే పడదు" అని మొత్తం విప్పి చెప్పేది. అచ్చం మా నాయనమ్మ చక్రవాకం చూసినట్టే. నెల రోజులు చూసినా హేలీ ట్రాన్స్ మహిళ అని నాకు తెలీలేదు! లోదుస్తుల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది, ఎర్ర కోటు వేసుకుంటుంది, ఎవరింట్లో గొడవైనా మధ్యలోకి వెళ్లి సర్దిచెబుతుంది, మొగుడు రాయ్ కేఫ్ నడుపుతాడు. అంతే అనుకున్నాను. ఒకరోజు మా ఓనరావిడ మామూలుగా, చక్కెర ఎంత వెయ్యమంటావు అన్నట్టు ఆ సంగతి చెప్పింది.

తర్వాత వెతికితే తెలిసింది, 1998లో ఈ పాత్రని మొదలుపెట్టింది నవ్వులాటకేనట. రాయ్ పెళ్లి ప్రయత్నాలన్నీ బెడిసికొట్టడం అనే కామెడీలో ఒక ముక్క, నాలుగు రోజులుండి పోవాల్సిన మనిషి. అలాంటిది 16 ఏళ్లు ఉండిపోయింది. 1999లో వాళ్ల పెళ్లికి చట్టం ఒప్పుకోదు కాబట్టి కేఫ్‌లోనే ఆశీర్వాదం లాంటిది చేసుకున్నారు. 2004లో బ్రిటన్‌లో ట్రాన్స్ మనుషుల్ని వాళ్లు చెప్పుకునే లింగంతోనే గుర్తించే చట్టం వచ్చింది, 2010లో అసలు పెళ్లి. కథ కోసం చట్టాన్ని మార్చి చూపించలేదు, చట్టం మారేదాకా పాత్రలతోనే ఎదురుచూపులు పెట్టించారు. ఇలాంటిది సీరియల్‌కే కుదురుతుంది.

2014 జనవరిలో హేలీ చనిపోయే ఎపిసోడ్ మేమిద్దరం కలిసే చూశాం. పాంక్రియాస్ క్యాన్సర్. హేలీ భయం చావంటే కాదు, నొప్పి మందుల మత్తులో తెలివి తప్పి, ఎప్పుడో వదిలేసిన మగ పేరు, ఆ హెరాల్డ్‌లా మళ్లీ మాట్లాడతానేమోనని. అందుకే తనంతట తనే ముందుగా వెళ్లిపోతుంది, రాయ్ పక్కనే ఉంటాడు. నాకు గొంతు పట్టేసింది. మా ఓనరావిడ ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్లి కెటిల్ పెట్టింది, నీళ్లు మరిగి ఆగిపోయాయి, మళ్లీ పెట్టింది, మళ్లీ ఆగిపోయాయి, టీ మాత్రం పొయ్యలేదు.

మీవి చెప్పండి. "అందరూ సమానమే" లాంటివి వద్దు, పాత్ర పేరు, ఎందుకు నచ్చిందో చెప్పండి చాలు.

గోంగూర_పప్పు

అక్కా, నాది ఇంకో బ్రిటిష్ సీరియల్ ఈస్ట్‌ఎండర్స్‌లో సయ్యద్ మసూద్. నిజం చెప్పాలంటే సయ్యద్ కన్నా వాళ్లమ్మ జైనబ్ నచ్చింది. నచ్చడమంటే, ఆవిణ్ణి చూస్తుంటే కడుపులో తిప్పేది, అంత దగ్గరగా ఉంటుంది. పాకిస్తానీ ముస్లిం కుటుంబం, ముద్దుల పెద్దకొడుకు, వాడికి ఎదురింటి క్రిస్టియన్ అనే అతనంటే ప్రాణం, ఇంట్లో చూసిన సంబంధం అమీరా. 2010 జనవరి 1న పెళ్లి. అసలు సంగతి అప్పటికే తల్లి చెవిన పడుతుంది, అయినా పెళ్లి ఆగదు. పట్టుచీర లాంటి బట్టలు, నగలు, నవ్వు, అన్నీ సరిగ్గా ఉంటాయి, కళ్లు మాత్రం ఎక్కడో ఉంటాయి. నీనా వాడియా ఆ రోజు చేసిన నటన ఇప్పటికీ గుర్తుంది.

మా ఇంట్లో తమ్ముడి విషయం బయటపడ్డప్పుడు అమ్మ అన్న మొదటి మాట "పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది". తిట్టలేదు, కొట్టలేదు, నేరుగా పెళ్లిళ్ల పేరయ్యకి ఫోన్ చేసింది. ఇంకో ఇంటి ఆడపిల్ల గొంతు కోస్తున్నామన్న సంగతి ఎవరికీ తట్టలేదు. నేనే గొడవ చేసి ఆపాను. అందుకే ఈ కథలో నాకు అమీరా మీదే ఎక్కువ జాలి. సయ్యద్, క్రిస్టియన్ 2012లో పెళ్లి చేసుకుని ఊరు వదిలి హాయిగా వెళ్లారు, మంచిదే. ఆ పిల్ల మాటేంటి?

ఒక చిన్న విన్నపం, ఈ దారంలో ఎవరూ దయచేసి "స్వలింగ సంపర్కులు" అని రాయకండి. క్రైమ్ పేజీ చదువుతున్నట్టుంటుంది. గే అంటే అందరికీ అర్థమవుతుంది.

పాత_టీవీ

పైన రెండూ మంచివే, కానీ దారి వేసినవాళ్లని మర్చిపోతే ఎలా? అదే ఈస్ట్‌ఎండర్స్‌లో కాలిన్ రసెల్. సీరియల్ మొదలైంది 1985లో, 1987లో కాలిన్ తన స్నేహితుడు బ్యారీ నుదుటి మీద ముద్దు పెడతాడు. నుదుటి మీద అండీ! మన అమ్మమ్మలు పెట్టేలాంటిది. దానికే పత్రికలు శివాలెత్తిపోయాయి, సీరియల్ పేరునే బూతుగా మార్చి హెడ్డింగులు పెట్టాయి. పెదవుల మీద ముద్దుకి 1989 దాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో 1988లో సెక్షన్ 28 వచ్చింది, అంటే స్థానిక కౌన్సిళ్లు గే జీవితాన్ని "ప్రోత్సహించే" పనేదీ చెయ్యకూడదని చట్టం. అలాంటి రోజుల్లో వారానికి రెండుసార్లు కోటిమందికి పైగా చూసే సీరియల్‌లో ఒక గే మనిషి బ్యాగు పట్టుకుని ఆఫీసుకి వెళ్లి రావడమే పెద్ద విషయం.

ఆ వేషం వేసిన మైకేల్ కాష్‌మన్ నిజజీవితంలోనూ గే. 1989లో గే, లెస్బియన్ హక్కుల కోసం స్టోన్‌వాల్ సంస్థ పెట్టినవాళ్లలో ఒకడు, తర్వాత యూరోపియన్ పార్లమెంటు సభ్యుడు, ఇప్పుడు బ్రిటన్ పార్లమెంటు ఎగువసభ అయిన ప్రభువుల సభలో ఉన్నాడు. సీరియల్ యాక్టర్లు రాజకీయాల్లోకి రావడం మనకి కొత్త కాదు గానీ ఈ దారిలో వచ్చినవాడు అరుదు. (స్టోన్‌వాల్ పెట్టినవాళ్లలో ఇంకొకరు ఇయాన్ మెకెల్లెన్. ఆయన 2005లో కరొనేషన్ స్ట్రీట్‌లో కొన్ని ఎపిసోడ్లు చేశాడు. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ సినిమాల్లో గాండాల్ఫ్ వేసినాయన సీరియల్ చెయ్యడమేంటని నా పిల్లలు నమ్మలేదు.)

బ్రూక్‌సైడ్ అనే ఇంకో బ్రిటిష్ సీరియల్‌లో బెత్ జోర్డాష్ కూడా రాసుకోండి. 1994 జనవరిలో బెత్, మార్గరెట్‌ల ముద్దు, బ్రిటిష్ టీవీలో రాత్రి తొమ్మిదికి ముందు, అంటే పిల్లలు కూడా చూసే వేళలో వచ్చిన మొదటి లెస్బియన్ ముద్దు అదే. 2012 లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఆ ముక్క వేశారు, లోకమంతా చూసింది. ఇంత చేసి 1995లో ఆ పిల్లని జైల్లో గుండెజబ్బుతో చంపేశారు. ఈ రోగం సీరియల్స్‌కి అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది, కాస్త భిన్నంగా ఉన్నవాళ్లని ముందు నెత్తిన పెట్టుకుంటారు, తర్వాత పాడె మీద పెడతారు.

నిజామాబాద్_మనవడు

అందరూ లండన్ కబుర్లే చెప్తున్నారు, మన దేశంలో ఎవరూ లేరా? కలర్స్‌లో వచ్చిన శక్తి, అందులో సౌమ్య. 2016 నుంచి 2021 దాకా నడిచింది. సౌమ్య కిన్నర్‌గా (హిందీలో హిజ్రాలని అలా అంటారు) పుడుతుంది, నాన్న, నాయనమ్మ పుట్టగానే చంపేద్దామంటే తల్లి నిమ్మీ కాపాడి, సంగతి దాచి పెంచుతుంది. పిల్లకి కూడా తెలీదు, పెళ్లయ్యాక గానీ తెలీదు. రుబీనా దిలైక్ వేసింది.

లోపాలు ఉన్నాయి, నేనే చెప్తా. వేసిన నటి ట్రాన్స్ కాదు, కిన్నర్ కాదు. సౌమ్య ఎప్పుడు చూసినా ఏడుపే, పూజే, త్యాగమే, తప్పు చేసే హక్కు ఆ పిల్లకి లేదు. మొదటి ఏడాది బాగుంది, తర్వాత కిడ్నాపులు, విషాలు, చచ్చి బతకడాలు, అన్నీ వచ్చాయి.

అయినా నా ఓటు దానికే, కారణం మా నాయనమ్మ. మాది కిరాణా కొట్టు, ఇంటి ముందు గదే కొట్టు. ప్రతి శుక్రవారం ఒక హిజ్రా అక్క వచ్చి చప్పట్లు కొట్టి డబ్బులు తీసుకుని పోతుండె. నాయనమ్మ పది రూపాయలు గల్లా మీద పెట్టి, నెత్తి మీద చెయ్యి పెట్టించుకుని, మొఖం కూడా చూడకుండా లోపలికి పోయేది. రెండేళ్లు ఆ సీరియల్ చూసింది, ఊకే "పిల్లను ఎంత గోస పెడుతున్నరు" అనుకుంట. ఒక శుక్రవారం అక్క రాగానే "నీ పేరేంది బిడ్డా, మీ అమ్మ ఉన్నదా?" అని అడిగింది. ఆమె ఒక్క నిమిషం ఏం చెప్పాలో తెల్వనట్టు నిలబడ్డది. తర్వాత అమ్మ లేదు, మెదక్‌ల అన్న ఉన్నడు, రానియ్యడు అన్నది. నాయనమ్మ లోపల్నుంచి స్టీలు గ్లాసుల నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ గ్లాసు తర్వాత పక్కన పెట్టలే, మామూలుగా మిగతా వాటితోనే కడిగింది. అది నేను చూసిన.

సావోపాలో_రిటర్న్

మీరంతా మంచివాళ్లనే చెప్తున్నారు. నాకు విలన్ కావాలి. బ్రెజిల్ గ్లోబో ఛానెల్‌లో 2013లో మొదలైన అమోర్ ఆ విదా, అందులో ఫెలిక్స్. నేనప్పుడు ఆన్‌సైట్‌లో అక్కడే ఉన్నా, రాత్రి తొమ్మిది దాటితే ఊరంతా ఇదే. వీడు ఎంత దుర్మార్గుడంటే సొంత చెల్లెలికి పుట్టిన పసిబిడ్డని చెత్తకుండీలో పడేస్తాడు. పెళ్లాం, కొడుకు ఉంటారు, గే అన్న సంగతి దాచుకుంటాడు, తండ్రికి వీడంటే అసహ్యం, వీడికి ఆ తండ్రి ప్రేమే కావాలి. దానికి తోడు నోరు, అబ్బో, ఒక్కో డైలాగు కత్తి. జనం తిట్టుకుంటూనే వాడి కోసం చూసేవాళ్లు. అన్నీ పోగొట్టుకుని వీధిలో హాట్‌డాగులు అమ్ముకునే స్థితికి వస్తాడు, అక్కణ్ణుంచి మారతాడు.

చివరి ఎపిసోడ్ 2014 జనవరి 31. నీకో అనే అతనితో ముద్దు, ఆ ఛానెల్ రాత్రి సీరియల్స్‌లో ఇద్దరు మగవాళ్ల మధ్య అలాంటిది అదే మొదటిసారి. మా అపార్ట్‌మెంట్ చుట్టూ గోల్ కొట్టినప్పుడు వచ్చే కేకలు వచ్చాయి. కానీ నన్ను పడగొట్టింది ముద్దు కాదు, ఆఖరి సీను. సముద్రపు ఒడ్డు, చూపు పోయిన తండ్రి, పక్కన కొడుకు. ఇన్నాళ్లూ ఛీకొట్టిన ఆ ముసలాయన చివరికి నువ్వంటే నాకూ ప్రేమేనని చెప్తాడు, అంతే, అయిపోయింది. నా పోర్చుగీసు అప్పటికి టిఫిన్ ఆర్డర్ చేసేంతే, అయినా అర్థమైంది.

గే పాత్ర అంటే దేవుడిలా ఉండాలనే రూలు ఎవరు పెట్టారో గానీ, వాడు చెడ్డవాడు కాబట్టే మనిషిలా అనిపించాడు.

ట్రాక్_రైటర్

నేను హైదరాబాద్‌లో తెలుగు సీరియల్స్‌కి రాస్తాను, పేర్లు వద్దు. మన దగ్గర ఎందుకు లేవని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నా.

ఉన్నాయి, కామెడీలో. చెయ్యి తిప్పుతూ నడిచేవాడు, "వీడు తేడారా" అని పక్కవాడు, వెనక టొయ్యింగ్‌మని సౌండు. షోల్లో అయితే ఇంకా చెప్పక్కర్లేదు. ట్రాన్స్ మనుషులు మన టీవీలో నిజంగా కనిపించింది సీరియల్స్‌లో కన్నా బిగ్ బాస్‌లో, 2019లో తమన్నా సింహాద్రి, 2021లో ప్రియాంక సింగ్.

నాలుగేళ్ల కిందట ఒక ట్రాక్, అంటే సీరియల్‌లో ఒక ఉపకథ, పట్టుకెళ్లా. హీరోయిన్‌కి మరిది ఉంటాడు, ఎన్ని సంబంధాలు తెచ్చినా వద్దంటాడు, ఇంట్లో ఆ సంగతి వదినకి ఒక్కదానికే చెప్తాడు. వదినా మరుదుల మధ్య రహస్యం, అత్తగారి అనుమానం, మనకి కావాల్సిన మసాలా అంతా ఉంది, కొత్తగా ఏమీ కష్టపడక్కర్లేదు. ఛానెల్ మీటింగ్‌లో అందరికీ నచ్చింది. "చాలా ఎమోషనల్‌గా ఉంది బాస్" అన్నారు. తర్వాత ఒకాయన "పెళ్లి వద్దనడం ఓకే, వదినకి చెప్పడం ఓకే, ఆ కారణం ఒక్కటీ వేరే పెడదామా" అన్నాడు. గురువారం రేటింగులు పడిపోతే ఎవరు జవాబు చెప్తారు అని ఇంకొకాయన. వాళ్లని పూర్తిగా తప్పుపట్టలేను, పిల్లల ఫీజులు నాకూ ఉన్నాయి. మొత్తానికి మరిదికి అమెరికాలో ఒక అమ్మాయితో ప్రేమ అని రాశాం. నాలుగు నెలలు రాసిన వదినా మరుదుల సీన్లు మాత్రం ఒక్క ముక్క మార్చలేదు. చూస్తే మీకే తెలిసిపోతుంది, ఆ కుర్రాడు చెప్పేది అమెరికా అమ్మాయి గురించి కాదని.

గోంగూర_పప్పు

@ట్రాక్_రైటర్ ఆ సీన్లు నేను చూశాననుకుంటా!! వంటింట్లో కరెంటు పోయినప్పుడు వదినకి చెప్తాడు, ఆవిడ "నాకు ముందే తెలుసు" అంటుంది, అదేనా? మా తమ్ముడు ఆ ముక్క నాకు వాట్సాప్‌లో పంపాడు, కింద ఏమీ రాయకుండా.

ట్రాక్_రైటర్

అదే.

బోల్టన్_అక్క

@నిజామాబాద్_మనవడు ఆ నటి గురించి మీరన్నది హేలీకీ వర్తిస్తుంది, వేసిన జూలీ హెస్మండల్ కూడా ట్రాన్స్ కాదు. ఇప్పుడు తీస్తే ట్రాన్స్ నటినే తీసుకోవాలి, నాకు సందేహం లేదు. 1998లో అదీ గగనమే. మీ నాయనమ్మగారి గ్లాసు సంగతి రెండుసార్లు చదివాను.

@ట్రాక్_రైటర్ ఇంతకీ ఆ మరిది ఇంకా సీరియల్‌లో ఉన్నాడా?

ట్రాక్_రైటర్

ఉన్నాడండీ. పోయిన వారమే అమెరికా అమ్మాయి ఫ్లైట్ దిగింది. నిశ్చితార్థం పదిహేను ఎపిసోడ్లు లాగమన్నారు, కుర్రాడు ఏ మొహంతో ఉంగరం తొడుగుతాడో నాకింకా తెలీట్లేదు.