జన్మపాపం, పూర్వజన్మ కర్మ ఒకటేనా? పెద్దల క్లాసులో ఎలా చెప్పాలి?

వర్తూరు_క్లాసు

అందరికీ వందనాలు. బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు ఉన్న మా తెలుగు సహవాసంలో ఆరాధన అయ్యాక పెద్దలకు 45 నిమిషాల బైబిలు క్లాసు ఉంటుంది. వచ్చే ఆదివారం పాఠం రోమా 5:12–21, అంటే ఆదాము వల్ల పాపం, మరణం, క్రీస్తు వల్ల నీతి వచ్చాయని పౌలు రాసిన భాగం. గుంటూరు లూథరన్లు, ఒంగోలు, నెల్లూరు బాప్టిస్టులు, కడప సీఎస్ఐ వాళ్ళు, ఒకరిద్దరు క్యాథలిక్కులు, ఈమధ్యే విశ్వాసంలోకి వచ్చిన రెండు కుటుంబాలు, అందరూ ఒకే గదిలో కూర్చుంటారు.

కొత్తగా వచ్చిన ఒక సిస్టర్ ప్రశ్న ముందే పంపారు: "ఆదాము తిన్న పండుకు నిన్న పుట్టిన పసికందు ఎలా దోషి అవుతుంది? మా ఇంట్లో పూర్వజన్మ కర్మ అనేవారు, మీరు జన్మపాపం అంటున్నారు. పేరు మారింది గానీ సంగతి ఒకటే కదా?"

బెళ్ళందూరు చెరువు పోలికతో చెబుదామనుకుంటున్నాను. చెరువును పాడుచేసింది బిడ్డ కాదు, అయినా పుట్టగానే పీల్చేది ఆ గాలే. ఈ పోలిక సరిపోతుందా? ఏ వరసలో చెబితే బాగుంటుంది?

మూలవాక్యం

బ్రదర్, ముందు మాటల సంగతి చూడండి. మన పాత బోధల్లో జన్మపాపం, కర్మపాపం అని జంటగా చెప్పేవారు. అక్కడ కర్మ అంటే మనిషి తానుగా చేసిన పని, అంతే. కొత్తవాళ్ళకు ఆ మాట వినబడగానే పునర్జన్మే గుర్తొస్తుంది. ఈ క్లాసులో "చేసిన పాపం" అనండి, సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

ఇక ఆ సిస్టర్ ప్రశ్న. రెండూ ఒకటి కావు, పైగా తేడా ఆవిడ అనుకున్నదానికంటే పెద్దది. కర్మ లెక్కలో చేసినవాడూ అనుభవించేవాడూ ఒకే జీవుడు. పౌలు ఆ దారి మూసేస్తాడు: రోమా 9:11లో యాకోబు, ఏశావుల గురించి వాళ్ళు ఇంకా పుట్టకముందు మేలు గానీ కీడు గానీ చేయలేదని స్పష్టంగా అంటాడు. అంటే పసికందుకు పాత ఖాతా లేదు. అప్పుడు ఆవిడ "మరి కర్మే న్యాయంగా ఉంది కదా" అని అడగవచ్చు. ఆ మాటను కొట్టిపారేయకండి. నిజమైన ప్రశ్న అదే, రోమా 5 మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది.

12వ వచనం చివర మన తెలుగులో "మనుష్యులందరు పాపము చేసినందున మరణము అందరికిని సంప్రాప్తమాయెను" అని ఉంది. గ్రీకులో అక్కడున్న "ఎఫ్ హో"ను ఎక్కువమంది "ఎందుకంటే" అనే అర్థంలోనే తీసుకుంటారు. పాత లాటిన్ అనువాదంలో అది "ఇన్ క్వో" అయింది, అంటే "అతనిలో". హిప్పో బిషప్పు అగస్టీను (354–430) చదివింది ఆ లాటినే. అందుకే ఆదాములో అందరూ పాపం చేశారన్న మాట ఆయన దగ్గర అంత గట్టిగా పాతుకుంది.

ఒక జాగ్రత్త. ఇది విన్నవాళ్ళు కొందరు "అయితే ఈ బోధంతా అనువాద పొరపాటే" అంటారు. అది తప్పు. ఆదాము చేసినట్టు పాపం చేయనివాళ్ళ మీద కూడా మరణం ఏలిందని 14వ వచనం, ఒక్కడి అవిధేయత వల్ల అనేకులు పాపులయ్యారని 19వ వచనం చెబుతున్నాయి. "ఎఫ్ హో" తీసేసినా అవి అక్కడే ఉంటాయి. 12 దగ్గర ఆగిపోతే ఆదాము కేసు ఒక్కటే మిగులుతుంది. పౌలు వాక్యం 12లో తెగి 18లో అతుకుతుంది, కాబట్టి చివరిదాకా చదవాల్సిందే. ఆదాము "రాబోవువానికి గురుతై", అంటే క్రీస్తుకు గుర్తుగా ఉన్నాడు కనుకే అతని ప్రస్తావన వచ్చింది. ఒకడి పని అందరికీ చెందడం అన్యాయమైతే, క్రీస్తు నీతి మనకు చెందడం కూడా అదే ప్రశ్న కిందికి వస్తుంది. ఆ సిస్టర్‌తో ఈ మాట తప్పకుండా అనండి.

కాంకర్డ్_చదువరి

చెరువు పోలిక మొదలుపెట్టడానికి బాగుంటుంది, ముగించడానికి పనికిరాదు. 2017 ఫిబ్రవరిలో ఆ చెరువులో మంటలు లేవడం, నురగ రోడ్డు మీదికి రావడం గదిలో అందరికీ తెలుసు. శుద్ధి చేయని మురుగు, బట్టల సబ్బుల రసాయనం ఒక్క ఇంటి నుంచి రాలేదు. ఎవరూ "ఇది నాది" అనరు, అందరిదీ కలిసింది. పాపం ఒక్కొక్కరి చిట్టా మాత్రమే కాదని చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

కానీ చెరువు బిడ్డ బయట ఉంది. ఇల్లు మారిస్తే గాలి మారుతుంది. ఇక్కడే ఆగితే మీరు తెలియకుండానే పెలాగియస్ పక్కకు చేరినట్టు. ఐదో శతాబ్దం మొదట్లో ఆయన వర్గం చెప్పింది దాదాపు ఇదే: ఆదాము మనకు చెడ్డ మాదిరి అయ్యాడు, మన స్వభావం చెడలేదు, గట్టిగా తలచుకుంటే పాపం లేకుండా బతకవచ్చు. 418లో కార్తేజి సభ దీన్ని తోసిపుచ్చింది. కాబట్టి చెరువు తర్వాత వెంటనే మార్కు 7:21–23 చదివించండి. అక్కడ చెడు "లోపలినుండి" వస్తుంది.

దీనికి ఎదురు తప్పు మన ప్రసంగాల్లో ఇంకా ఎక్కువ: "మనిషి అంటేనే పాపం" అనడం. 16వ శతాబ్దంలో ఫ్లాకియస్ అనే లూథరన్ పండితుడు, పడిపోయిన మనిషి అసలు పదార్థమే పాపమైపోయిందన్నాడు. 1577 నాటి కాంకర్డ్ ఒప్పుకోలు మొదటి అంశంలోనే లూథరన్లు ఆ మాటను కాదన్నారు. మానవ స్వభావమే పాపమైతే దాన్ని చేసిన దేవుడు పాపాన్ని చేసినట్టవుతుంది, క్రీస్తు ధరించిన శరీరం సంగతి కూడా చిక్కులో పడుతుంది. బట్టకు పడ్డ చిరుగు గుర్తు చేయండి. చిరుగు నిజమే, బట్ట అంతటా పాకవచ్చు కూడా, కానీ బట్ట లేకుండా చిరుగు విడిగా ఉండదు. నేసినవాడు చిరుగును నేయలేదు. చెడుకు సొంత ఉనికి లేదు, అది మంచికి కలిగిన లోటు అని అగస్టీను అన్నది ఇదే.

"సంపూర్ణ భ్రష్టత్వం" అనే మాట ఎవరైనా తెస్తే: ప్రతి మనిషీ వీలైనంత చెడ్డవాడని దాని అర్థం కాదు. బుద్ధి, ఇచ్ఛ, కోరిక, వీటిలో ఏదీ చెడు అంటకుండా మిగల్లేదని అర్థం.

ఉపదేశి_చెన్నై

క్యాథలిక్ వైపు మాట ఒకటి చేర్చండి. ట్రెంట్ సభ (1546) జన్మపాపం అనుకరణ వల్ల కాదు, సంతానక్రమంలో వస్తుందంది. 1992 నాటి క్యాథలిక్ సత్యోపదేశం దాన్ని ఇంకా విడమరిచింది: అది చేసిన పని కాదు, ఉన్న స్థితి. ఆదాము సంతతిలో ఎవరికీ అది వ్యక్తిగత నేరం కాదు. బాప్తిస్మంతో అది పోతుంది, పాపం వైపు లాగే మొగ్గు మాత్రం మిగులుతుంది. ఆ మొగ్గు తనంతట తాను పాపం కాదని మేమంటాం, పాపమేనని లూథరన్లంటారు.

తూర్పు ఆర్థడాక్స్ వాళ్ళు మరణాన్ని, చెడిపోయిన స్థితిని వారసత్వంగా ఒప్పుకుంటారు, దోషాన్ని ఒప్పుకోరు. మీ బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మమే ఇవ్వరు. అంత కలగలుపు గదిలో "పసికందు దోషే" అని గానీ "దోషి కాదు" అని గానీ క్రైస్తవులందరి పేరు మీద చెప్పకండి. తనను తాను బాగుచేసుకోగల మనిషి ఎవరూ లేరని, అందరికీ క్రీస్తు కావాలని చెప్పండి. అక్కడిదాకా అందరూ ఒకటే.

వర్తూరు_క్లాసు

చాలా మేలు చేశారండీ. చెరువు తర్వాత మార్కు 7 పెడతాను. తండ్రి పాపానికి కొడుకు శిక్ష మోయడని చెప్పే యెహెజ్కేలు 18 మాత్రం ఎవరో ఒకరు తప్పకుండా తీస్తారు. వాళ్ళు అడిగేదాకా ఆగాలా, నేనే ముందు తేవాలా?

పాఠం_45

మీరే ముందు తెండి. అడిగాక చెబితే తప్పించుకున్నట్టు ఉంటుంది.

మొదటి 8 నిమిషాలు కీర్తన 51:1–2. అతిక్రమము, దోషము, పాపము అని మూడు మాటలు వరసగా వస్తాయి. హీబ్రూలో మొదటిది "పెష", తిరుగుబాటు. మోయాబు ఇశ్రాయేలుపై తిరగబడిందనే చోట (2 రాజులు 1:1) ఉన్నదీ ఆ ధాతువే. రెండోది "ఆవోన్", వంకరపోవడం. మూడోది "హట్టాత్", దాని మూలం గురి తప్పడం. న్యాయాధిపతులు 20:16లో 700 మంది ఎడమచేతివాళ్ళు వెంట్రుకను కూడా గురి తప్పకుండా కొట్టేవాళ్ళన్నచోట అదే క్రియ. "అయ్యో పాపం" అని జాలికి, పాపపుణ్యాల లెక్కకు వాడే మన ఒక్క మాట ఈ మూడింటినీ మోయలేదు, కాబట్టి బోర్డు మీద విడివిడిగా రాయండి. "పాపములోనే నా తల్లి నన్ను గర్భమున ధరించెను" అనే 5వ వచనాన్ని దాంపత్యమే పాపమన్నట్టు వివరించకండి. దావీదు తన తల్లి మీద కాదు, తన మీద నేరం మోపుకుంటున్నాడు.

తర్వాత 8 నిమిషాలు ఆదికాండం 3. ఆ అధ్యాయంలో "పాపము" అనే మాటే లేదు, మొదటిసారి 4:7లో వాకిట పొంచి ఉంటుంది. మాట లేకపోయినా జరిగింది చూపించండి: దేవుని నుంచి దాక్కోవడం, తమను చూసి తామే సిగ్గుపడడం, "నాతో నుండుటకు నీవు నాకిచ్చిన ఈ స్త్రీయే" అని భార్య మీదికీ దేవుని మీదికీ ఒకేసారి నెట్టడం, నేల ముళ్ళు మొలిపించడం.

చెరువు, మార్కు 7 కలిపి 6 నిమిషాలు. రోమా 5కు 13. గడియారం ఇక్కడే తప్పుతుంది, "ఎఫ్ హో" సంగతి 3 నిమిషాలు దాటనివ్వకండి.

యెహెజ్కేలు 18కి 5 చాలు. "తండ్రులు ద్రాక్షకాయలు తినగా పిల్లల పళ్లు పులిసెను" అనే సామెతను బబులోను చెరలో ఉన్న యూదులు తమ మారుమనస్సు తప్పించుకోవడానికి వాడుకుంటున్నారు. తండ్రి చేసిన పనికి కొడుక్కి తీర్పు ఉండదని దేవుడు కొట్టేసింది దాన్ని. రోమా 5 మాట్లాడేది మనం పుట్టిన స్థితి గురించి. "వంశ శాపం తెంచే ప్రార్థన" అంటూ తిరిగేవాళ్ళకు కూడా ఈ అధ్యాయమే జవాబు.

చివరి 5 నిమిషాలు యోహాను 9:1–3. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు "ఎవడు పాపము చేసెను? వీడా, వీని కన్నవారా?" అని అడిగితే యేసు రెండూ కాదన్నాడు. సమయం మించిపోతే రోమా 5లో కోయండి, దీన్ని మాత్రం వదలకండి. జబ్బుతో పుట్టిన బిడ్డను ఎత్తుకుని ఆ గదిలో ఎవరైనా కూర్చుని ఉండవచ్చు. జన్మపాపం గురించి 40 నిమిషాలు విన్నాక వాళ్ళు ఈ మూడు వచనాలు వినకుండా ఇంటికి వెళ్ళకూడదు.