తండాల్లో బీడీ, అంబర్ మాన్పించడం ఎట్లా?

నర్సంపేట వైపు పల్లె దవాఖానాలో పనిచేస్తున్నాను. మా కింద లంబాడా తండాలు ఎక్కువ. మగవాళ్లకు బీడీ, పెద్దవయసు ఆడవాళ్లకు అంబర్, అంటే నోట్లో వేసుకునే పొగాకు. దగ్గు, ఆయాసంతో వచ్చినవాళ్లకు మానేయమంటే సరే అని తలూపుతారు, బయటికెళ్లి చెట్టు కింద మళ్లీ వెలిగిస్తారు. మా పోస్టర్లన్నీ తెలుగులోనే, అదీ క్యాన్సర్ నోటి బొమ్మలతో. ముసలమ్మలు అటు చూడను కూడా చూడరు. వాళ్లను తిట్టడం నాకిష్టం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1
అక్కా, మాది మహబూబాబాద్ దగ్గర తండా. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి మీటింగులు పెడుతుంటే ముందు అవి ఆపండి, మామ ముందు ఏ కోడలూ నేను అంబర్ వేస్తానని నోరు విప్పదు. పత్తి ఏరే రోజుల్లో పగలు తండాలో ఎవరూ దొరకరు, పొద్దుగూకినంక పోవాలి. మా లంబాడా భాష గోర్ బోలి వచ్చిన ఆశా అక్కనో, బీడీ మానేసిన తండా మనిషినో వెంటబెట్టుకొని పోయి, "యాడీ" (అమ్మా) అని పిలిచి పక్కన కూర్చోండి. మత్తు జోలికి పోవద్దన్నది మా లంబాడాల గురువు సేవాలాల్ మహారాజ్ మాట. ఫిబ్రవరి 15న ఆయన జయంతికి భోగ్ భండారో పూజ దగ్గర తండా పెద్ద నాయక్ అదే మాట చెబితే వింటారు. ఇంకోటి, చాలామంది బీడీ మానేసి అంబర్‌కు మారతారు, పొగ లేదు కదా ఏం కాదని. నోటి క్యాన్సర్ దానితోనూ వస్తుందని విడిగా చెప్పాలి.

జవాబు 2
మెడికల్ షాపు నాది. మానేసిన మొదటి వారం చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం మామూలే, ఇవి వాటంతటవే పోతాయని ముందే చెప్పండి, లేకపోతే మానేస్తేనే రోగమొచ్చిందని మళ్లీ మొదలుపెడతారు. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ ఇస్తే ఎట్లా వాడాలో ఎదురుగా కూర్చొని చూపించాలి. మెల్లగా నమిలి, ఘాటు తగలగానే చెంపలో పెట్టుకోవాలి, ఘాటు తగ్గితే మళ్లీ నమలాలి. ఊరికే గబగబా నమిలితే గొంతు మండి, ఎక్కిళ్లొచ్చి ఉమ్మేస్తారు. చాయ్ తాగిన పావుగంట దాకా వద్దు. పళ్లు లేనివాళ్లకు చర్మం మీద అతికించే నికోటిన్ ప్యాచ్ సంగతి డాక్టర్‌ను అడగండి. పొగాకు ప్యాకెట్ల మీద ఉండే, మానడానికి సాయం చేసే నంబరు 1800-11-2356కి ఫోన్ చేస్తే డబ్బులు పడవు, తెలుగులోనూ మాట్లాడతారు. తెలుగు సరిగా రాని ముసలమ్మ అయితే మనవరాలినో మనవడినో పక్కన ఉంచండి.

జవాబు 3
ఏటూరునాగారం వైపు కోయ గూడేలకు పోతే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఎండాకాలంలో ఇంటిల్లిపాదీ బీడీలు చుట్టే తునికాకు కోసి, 50 ఆకుల కట్టలు కట్టి కల్లానికి మోస్తారు, చేతికి నాలుగు పైసలు వచ్చేది అప్పుడే. అక్కడ బీడీని తిడితే తమ కూటి మీద పడ్డారనుకుంటారు. ఆకు కోయొద్దనడం లేదు, మీరు తాగొద్దంటున్నాం, అంతే అని మొదటి మాటలోనే చెప్పండి. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గొత్తికోయలకైతే తెలుగే సరిగా రాదు, వాళ్ల పిల్లల్లో బడికి పోయేవాళ్లను వెతకండి.